37వ వారం, రాత్రయితే పొట్ట రాయిలా బిగుసుకుంటోంది – ఇవి నొప్పులేనా?

మారతహళ్లి_మల్లి (గురువారం, రాత్రి 11.52)
అందరికీ నమస్తే. నాకిప్పుడు 37 వారాల 3 రోజులు, తొలి కాన్పు. మూడు రోజులుగా రాత్రి తొమ్మిది దాటితే చాలు, పొట్ట రాయిలా అయిపోతోంది. అర నిమిషం అలా ఉండి వదిలేస్తుంది. నొప్పి అని కూడా అనలేను, బిగుతు. నిన్న ఒక గంటలో ఆరుసార్లు వచ్చింది. ఆ తర్వాత నిద్ర పట్టేసింది, పొద్దున లేచేసరికి ఏమీ లేదు. ఇవాళ మళ్లీ మొదలు. నడుము కింద కూడా లాగుతోంది, నెలసరికి ముందు లాగినట్టు.

మేముండేది బెంగళూరు మారతహళ్లిలో, ఆసుపత్రి జయనగర్‌లో. అర్ధరాత్రయితే అరగంట, సాయంత్రం ఆరింటికైతే సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటడానికే గంట. అమ్మ మదనపల్లె నుంచి ఆదివారం వస్తానంది. మా ఆయన పది నిమిషాలకోసారి 'పోదామా' అంటున్నాడు. తీరా వెళ్లాక ఏమీ లేదు పొమ్మంటే తలకొట్టేసినట్టుంటుందని నాకు. మీకెలా తెలిసింది? ఏది చూసి బయల్దేరారు?

ఇద్దరి_తల్లి (రాత్రి 12.08)
మల్లీ, ముందు లేచి బాత్రూమ్‌కి వెళ్లి రా. రెండు గ్లాసుల నీళ్లు తాగి ఎడమవైపు తిరిగి పడుకో. గంట చూడు. దొంగ నొప్పులైతే పడుకుంటేనో, నాలుగడుగులు నడిస్తేనో తగ్గిపోతాయి. అసలు నొప్పులు నువ్వేం చేసినా వస్తూనే ఉంటాయి.

నాకు పెద్దాడప్పుడు ఈ దొంగ నొప్పులు పదిహేను రోజులు ఆడించాయి. రెండుసార్లు బ్యాగు సర్దుకుని వెళ్లి తిరిగొచ్చాను. రెండోసారి సెక్యూరిటీ అంకుల్ 'ఏనాయ్తు అక్కా, మగు ఎల్లి?' (ఏమైందక్కా, బిడ్డేది?) అని అడిగాడు కూడా. సిగ్గు గురించి అస్సలు ఆలోచించకు, రోజుకు ఎంతమంది అలా వచ్చి వెళ్తారో వాళ్లకు తెలుసు.

లేబర్_వార్డు_అక్క (రాత్రి 12.31)
నేను పద్నాలుగేళ్లుగా లేబర్ వార్డులోనే స్టాఫ్ నర్సుని. ఇక్కడ చెప్పేది మీ డాక్టరమ్మ మాటకు బదులు కాదు, అది గుర్తుంచుకోండి.

దొంగ నొప్పుల్ని మేం బ్రాక్స్‌టన్ హిక్స్ అంటాం. 1872లో వీటి గురించి రాసిన ఇంగ్లండు డాక్టరు పేరే వీటికి పెట్టారు. గర్భసంచి కండరం బిగుసుకుని వదులవుతుంది, అంతే. ఎక్కువగా సాయంత్రాలు, ఒళ్లు అలిసినప్పుడు, నీళ్లు తక్కువ తాగినప్పుడు, మూత్రం బిగబట్టినప్పుడు వస్తాయి. ఒకటి పది నిమిషాలకు వస్తే ఇంకోటి ఇరవై ఐదుకి, మళ్లీ ఏడుకి. వరస ఉండదు. అసలు నొప్పులు మూడు రకాలుగా ముదురుతాయి: మధ్య విరామం తగ్గుతుంది, ఒక్కోటీ ఎక్కువసేపు ఉంటుంది, తీవ్రత పెరుగుతుంది. చాలామందికి వెనక నడుములో మొదలై ముందుకు చుట్టుకొస్తాయి.

బిగుతు ఎంతుందో చేత్తో చూడటం మా సీనియర్ సిస్టర్ నేర్పింది. బొడ్డుకు పైన వేళ్ల కొసలు ఆనించండి. ముక్కు కొస నొక్కినట్టు లోపలికి పోతే మెత్తన. గడ్డం నొక్కినట్టుంటే మధ్యస్తం. నుదురులా అస్సలు నొక్కుడు పడకపోతే గట్టి నొప్పి. మీ ఆయనతో చేయించండి. పాపం, ఆయన టెన్షన్‌కి కూడా కాస్త పని దొరుకుతుంది.

టైము చూసేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది. ఒక నొప్పి తగ్గినప్పటి నుంచి ఇంకోటి వచ్చేదాకా లెక్కపెడతారు. అలా కాదు. ఒకటి మొదలైన నిమిషం నుంచి తర్వాతది మొదలయ్యే నిమిషం వరకు చూడాలి. తొలి కాన్పుకి మామూలుగా చెప్పేది 5-1-1: ఐదు నిమిషాలకోటి, ఒక్కోటీ నిమిషం పాటు, ఇలా గంటసేపు. అయితే మీది సిల్క్ బోర్డ్ అవతల ఆసుపత్రి. ఏడెనిమిది నిమిషాలకు వస్తున్నప్పుడే ఫోన్ చేసి బయల్దేరడం నయం.

రెండో కాన్పు వాళ్లు, ముందు సిజేరియన్ అయినవాళ్లు, బిడ్డ అడ్డంగానో ఎదురు కాళ్లతోనో ఉందని స్కాన్‌లో చెప్పినవాళ్లు ఈ 5-1-1 కోసం కూర్చోకండి. నొప్పులు మొదలయ్యాయనిపించగానే రండి.

నెల్లూరు_నాన్న (శుక్రవారం, ఉదయం 6.40)
భర్తల తరఫున ఒక మాట. అక్క చెప్పిన ఆ లెక్క తప్పు చేసింది నేనే. నొప్పి తగ్గాక మొదలుపెట్టి 'ఐదు నిమిషాలు' అని రాసుకున్నా, నిజానికి అవి ఆరు నిమిషాల పైచిలుకు. ఫోన్ యాప్ కూడా పెట్టుకున్నా. అది నొక్కేలోపు మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని పిసికేసింది, ఫోన్ మంచం కింద పడింది. చివరికి పాల కవర్ల లెక్క రాసే నోట్‌బుక్కే గతి.

అవసరం లేని రోజున ఒకసారి సాయంత్రం ఆసుపత్రి దాకా వెళ్లి రండి. రాత్రిపూట ఏ గేటు తెరుస్తారో చూసుకోండి. మా ఆసుపత్రి మెయిన్ గేటు పదింటికి మూసేస్తారని మాకు అర్ధరాత్రి అక్కడికెళ్లాకే తెలిసింది, ఆమెను నడిపించుకుంటూ చుట్టూ తిరిగాం. కారు సీటు మీద ఒక ప్లాస్టిక్ షీటు, దాని మీద పాత దుప్పటి వేసి ఉంచండి. ఆ టైముకి క్యాబ్ క్యాన్సిల్ అయితే ఎవరిని లేపాలో ముందే అనుకోండి. 108 ఎలాగూ ఉంది.

చిత్తూరు_పెద్దమ్మ (ఉదయం 8.15)
మీ తరానికి గడియారాలు, యాప్‌లు. మాకు జీలకర్ర కషాయమే. గుప్పెడు జీలకర్ర వేయించి, నీళ్లు పోసి సగానికి మరిగించి, బెల్లం ముక్క వేసి తాగిస్తే ఉత్త నొప్పులు అణిగిపోతాయి, కాన్పు నొప్పులైతే ఎక్కువవుతాయి. నా ఇద్దరు కూతుళ్లకీ అలానే తెలిసింది. మా అత్తగారైతే నెలలు నిండాక చెంచాడు ఆముదం కూడా పట్టించేది, కాన్పు తొందరగా అవుతుందని.

లేబర్_వార్డు_అక్క (ఉదయం 9.02)
పెద్దమ్మా, కషాయంతో నాకు పేచీ లేదు. వేడివేడిగా గ్లాసెడు తాగి కాసేపు కూర్చుంటే దొంగ నొప్పి తగ్గుతుంది, మంచినీళ్లు తాగినా తగ్గుతుంది. ఆముదం మాత్రం వద్దు. విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీళ్లన్నీ పోయి, కళ్లు తేలేసి వచ్చినవాళ్లకు మేం ముందు సెలైన్ ఎక్కించాల్సి వస్తుంది.

నెల_తక్కువ_అమ్మ (ఉదయం 10.20)
ఇక్కడ అందరూ 'గంట చూడు' అంటున్నారు. అది 37 నిండినవాళ్లకే. నా కథ చెప్తా, దయచేసి చదవండి.

నాకప్పుడు 33 వారాలు. ముందురోజు ఆఫీసులో బిర్యానీ తిన్నాం. పొద్దున్నుంచి కడుపులో మెలిపెట్టడం, రెండుసార్లు విరేచనం, నడుం నొప్పి. బిర్యానీ పుణ్యమే అనుకుని ఓఆర్‌ఎస్ తాగి మీటింగ్‌లో కూర్చున్నా. నడుం నొప్పి వచ్చి పోతోందని, అది కూడా పది నిమిషాలకోసారి వస్తోందని పక్క సీటు అమ్మాయి గమనించింది. నేను మాట మధ్యలో ఆగిపోతున్నానట. ఆసుపత్రికి వెళ్లేసరికి గర్భాశయ ద్వారం అప్పటికే తెరుచుకోవడం మొదలైంది. నొప్పులు ఆగడానికి మందులిచ్చి, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి 12 గంటలకొకటి చొప్పున నాలుగు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. అవి పూర్తయ్యే టైము దొరికింది కాబట్టి సరిపోయింది. నాలుగో రోజు బాబు పుట్టాడు. ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూ) పదహారు రోజులు. ఇప్పుడు రెండేళ్లు, మా ఇంట్లో పగలని వస్తువు లేదు.

37 నిండకముందు నొప్పి వరసగా వచ్చినా, కింద బరువుగా నొక్కుతున్నట్టున్నా, నీళ్లలాంటి తెలుపు ఎక్కువైనా ఇంట్లో పరీక్షలు పెట్టుకోకండి, వెళ్లిపోండి.

మారతహళ్లి_మల్లి (మధ్యాహ్నం 3.45)
రాత్రి నీళ్లు తాగి పడుకుంటే ఒంటిగంటకి తగ్గిపోయాయి. థాంక్యూ. కానీ ఇవాళ ఇంకో అనుమానం. పొద్దున్నుంచి పాప (పాపో బాబో) కదలిక తక్కువగా అనిపిస్తోంది. రోజూ టిఫిన్ అవగానే తన్నేది, ఇవాళ ఒకట్రెండుసార్లు మెల్లగా కదిలింది. పక్కింటి ఆంటీ 'కాన్పు దగ్గరపడితే బిడ్డ కిందికి దిగి కదలడం తగ్గిస్తుంది, అది కూడా గుర్తే' అంటున్నారు. నిజమేనా?

లేబర్_వార్డు_అక్క (మధ్యాహ్నం 3.58)
కాదు. ఈ ఒక్క మాట వల్లే ఆలస్యంగా వచ్చేవాళ్లను చూశాను. చోటు తగ్గి కదిలే తీరు మారొచ్చు, తన్నడానికి బదులు దొర్లినట్టు అనిపించొచ్చు, కానీ కదలడం తగ్గకూడదు. నొప్పుల్లో కూడా బిడ్డ కదులుతూనే ఉంటుంది. ఏదైనా తిని ఎడమవైపు పడుకుని లెక్కపెట్టే పద్ధతి ఉంది, రెండు గంటల్లో పది కదలికలు చూసుకోమంటారు. మీరు పొద్దున్నుంచి తక్కువంటున్నారు కాబట్టి లెక్కల జోలికి పోకుండా ఇప్పుడే ఫోన్ చేసి బయల్దేరండి. ట్రాఫిక్ ముదరకముందే.

ఇద్దరి_తల్లి (సాయంత్రం 4.01)
మల్లీ వెళ్లు. ఇంకేం చదవకు.

మారతహళ్లి_మల్లి (రాత్రి 9.30)
వెళ్లొచ్చాం. బెల్టులు కట్టి ఎన్‌ఎస్‌టి (బిడ్డ గుండె చప్పుడు చూసే పరీక్ష) తీశారు, చప్పుడు బాగుంది. జ్యూస్ తాగించాక అక్కడే తన్నడం మొదలెట్టింది, మా ఆయన కళ్లలో నీళ్లు. ఉమ్మనీరు స్కాన్‌లో సరిపడా ఉంది. లోపల చెయ్యి పెట్టి చూశారు, ద్వారం ఒక సెంటీమీటరు తెరుచుకుంది, తల కిందికి దిగింది. ఇంకా రోజులు పట్టొచ్చు అని పంపేశారు. ఎవరూ ఎగతాళి చేయలేదు, 'ఇలా అనిపించినప్పుడల్లా రండి' అన్నారు.

ఇంటికొచ్చాక లోదుస్తుల మీద గోధుమ రంగు చార కనిపించింది. ఇదేంటి మళ్లీ?

లేబర్_వార్డు_అక్క (రాత్రి 9.50)
లోపల చూశాక ఒకట్రెండు రోజులు కొంచెం మరక కనిపించడం మామూలే. చీమిడిలాంటి జిగురు పడి, అందులో గులాబీ రంగు చారలుంటే అది ద్వారాన్ని మూసి ఉంచిన జిగురు ఊడటం. దాని తర్వాత ఆ రాత్రే కాన్పైనవాళ్లున్నారు, వారం పట్టినవాళ్లూ ఉన్నారు. అది చూసి పరిగెత్తక్కర్లేదు. ఎర్రటి రక్తం నెలసరిలా పోతే మాత్రం ఒక్క నిమిషం ఆగొద్దు. పొట్ట వదులవకుండా నొప్పి పెడుతున్నా, విపరీతమైన తలనొప్పితో కళ్లు మసకబారినా అంతే. అవి కాన్పు గుర్తులు కావు, ప్రమాదాలు.

బొమ్మనహళ్లి_టైలర్ (రాత్రి 10.15)
ఉమ్మనీరు సంగతి కూడా చెప్పండక్కా. సినిమాల్లోలా బకెట్ కుమ్మరించినట్టు పోతుందనుకున్నా నేను. నాకు దగ్గినప్పుడల్లా నాలుగు చుక్కలు పడేవి. నెలలు నిండాయి కదా, మూత్రం ఆగట్లేదు అనుకుని ఒక పగలంతా మిషన్ దగ్గరే కూర్చున్నా. సాయంత్రం వాణీ విలాస్ ఆసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ మంచి తిట్లు తిట్టింది, ఇన్ఫెక్షన్ వస్తే ఏం చేసేదానివని. తాయి కార్డు (ఇక్కడ గర్భిణులకిచ్చే కార్డు) బ్యాగులోనే ఉంచుకోండి, హడావుడిలో నేను ఇంట్లో మర్చిపోయి మా తమ్ముణ్ని మళ్లీ పంపాను.

లేబర్_వార్డు_అక్క (రాత్రి 10.40)
మూత్రాశయం ఖాళీ చేసి పొడి ప్యాడ్ పెట్టుకుని అరగంట తిరగండి. తడిస్తే వాసన చూడండి. మూత్రం వాసన లేకపోతే ఉమ్మనీరే అనుకుని రండి. టైము, రంగు గుర్తుపెట్టుకుని చెప్పండి, ఆ ప్యాడ్ కవర్లో వేసి తెచ్చినా మాకు మేలే. నొప్పులు లేకపోయినా రావాలి. ఆకుపచ్చగానో గోధుమ రంగుగానో ఉంటే బిడ్డ లోపల మలం వదిలిందని అర్థం, అప్పుడు పరుగే. నీళ్లతోపాటు కింద తాడులా ఏదైనా తగిలితే మోకాళ్ల మీద వంగి, పిరుదులు పైకి పెట్టి 108కి ఫోన్ చేయండి.

మారతహళ్లి_మల్లి (గురువారం, ఉదయం 11.05)
పాప పుట్టింది! మంగళవారం మధ్యాహ్నం, 2.9 కిలోలు. రాయడానికి ఇప్పటికి కుదిరింది.

సోమవారం రాత్రి రెండుంపావుకి పక్క మీద తిరిగితే లోపల 'టప్' మన్నట్టు అనిపించింది, కొంచెం తడి. ప్యాడ్ పెట్టుకుని హాల్లో తిరిగా. వాసన లేదు, రంగు లేదు. అమ్మ లేచి వెంటనే స్టవ్ మీద జీలకర్ర వేయించడం మొదలెట్టింది. మూడింటికి బయల్దేరేసరికి ఆ కషాయం చల్లారింది, దార్లో తనే తాగేసింది. సిల్క్ బోర్డ్‌ను ఆగకుండా దాటడం ఈ నాలుగేళ్లలో నాకదే మొదటిసారి. నొప్పులు ఆసుపత్రికి చేరిన గంటకి మొదలయ్యాయి. ముందు వారం బిగుతుకీ వీటికీ పోలికే లేదు. అప్పుడు ఫోన్ చూస్తూ పడుకోగలిగాను, ఇప్పుడు వచ్చినప్పుడల్లా మంచం రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయా.

నెల్లూరు నాన్న గారి మాట విని మా ఆయన కాగితం మీదే రాశాడు. ఇవాళ బ్యాగు సర్దుతుంటే దొరికింది. మొదట్లో అంతా నీటుగా ఉంది: 4.20 – 35 సెకన్లు, 4.31 – 40 సెకన్లు, 4.40 – 40 సెకన్లు. చివరి వరస 6.52 దగ్గర ఉంది: '60 సెకన్లు పైనే. రాయొద్దంటోంది.'