విరాళంగా వచ్చిన పుస్తకాలతో దుకాణం పెడితే, రచనా తరగతులకు ఆసరా అవుతుందా?

ప్రశ్న: అట్టపెట్టె

నమస్కారం. మేము పన్నెండు మందిమి కలిసి నాలుగేళ్లుగా వారాంతాల్లో బడిపిల్లలకు చదవడం, రాయడం నేర్పుతున్నాము. ఈ మధ్య కొందరు పెద్దవాళ్లు కూడా అక్షరాలు దిద్దడానికి వస్తున్నారు. ఇంట్లో ఊరకే పడివున్న పుస్తకాలుంటే ఇవ్వండని ఒక్కసారి అడిగిన పాపానికి, పిల్లలు కూర్చునే చోటును కూడా పెట్టెలు ఆక్రమించేంతగా విరాళాలు వచ్చిపడ్డాయి. వాటిని అమ్మి తరగతుల ఖర్చు వెళ్లదీసేలా లాభాపేక్ష లేని పుస్తక దుకాణం ఒకటి పెడదామని మాలో సగంమంది అంటున్నారు. పెట్టిన మరునాటి నుంచి మనమందరం గల్లాపెట్టె దగ్గరే ఉండిపోతాము తప్ప పిల్లల దగ్గర ఉండమని మిగిలిన సగంమంది అంటున్నారు. నేను ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ఇటువంటి చోట పనిచేసినవారు ఎవరైనా ఉంటే, దుకాణం నిజంగా చదువుకు ఆసరా అవుతుందో, లేక చదువు పేరు చెప్పుకుని దుకాణమే పెరుగుతుందో చెప్పగలరా?

సమాధానం: చెదపురుగు

వాలంటీర్లే నడిపే ఒక పుస్తక దుకాణంలో ఆరేళ్లు పుస్తకాలు ఏరే పని చేశాను కనుక, మీలో రెండో సగం వారి భయం ఉత్తది కాదని ముందే చెబుతున్నాను. ఉచితంగా వచ్చిన పుస్తకానికి ఖర్చు ఉండదని అందరూ అనుకుంటారు గానీ, దాన్ని విప్పి చూడాలి, దులపాలి, ధర వేయాలి, అరలో పెట్టాలి, అమ్ముడుపోకపోతే తిరిగి తీసి వదిలించుకోవాలి. ఇదంతా మనుషుల సమయమే. పాత పాఠ్యపుస్తకాలు, కాలం చెల్లిన కంప్యూటర్ గైడ్లు, సగం సంపుటాలు పోయిన విజ్ఞాన సర్వస్వాలు ఎన్ని వస్తాయో లెక్క ఉండదు. ఇచ్చినవారు బాధపడతారని వాటిని దాచుకోవడం మేము చేసిన మొదటి తప్పు. ఏవి తీసుకోమో తలుపు మీదే రాసి అంటించిన తరువాత గానీ మాకు ఊపిరి ఆడలేదు.

ఐఎస్‌బీఎన్ (పుస్తకం వెనుక అట్ట మీద ఉండే గుర్తింపు సంఖ్య) ఉన్నవాటిని స్కాన్ చేసి మార్కెట్‌లో ఎంత పలుకుతున్నాయో చూడటం కొత్తవారికి కూడా ఒక పూటలో వస్తుంది. ఆ సంఖ్య వాడుకలోకి రాకముందు, అంటే సుమారుగా 1970కి ముందు, అచ్చయిన పుస్తకాలను మాత్రం తెలిసినవారే చేత్తో పట్టుకుని చూడాలి. ధర చీటీ మీద పుస్తకం అరలోకి వచ్చిన నెలను కూడా రాయండి. మూడు నెలలు కదలని పుస్తకానికి ధర తగ్గించి, అప్పటికీ కదలకపోతే మొహమాటం లేకుండా తీసేయండి.

వాలంటీర్ల విషయంలో ఒక్కటే చెబుతాను. "వీలున్నప్పుడు రండి" అంటే ఎవరికీ వీలుండదు. వారానికి ఫలానా రోజు, ఫలానా మూడు గంటలు అని అడిగితే వస్తారు. పుస్తకాలంటే ప్రాణమని చెప్పి చేరినవారు ఏరాల్సిన పెట్టె పక్కనే కూర్చుని చదువుకుంటూ ఉండిపోతారు (నేనూ ఆ కోవలోని వాణ్ణే). పిల్లలకు నేర్పేవారి జట్టును, దుకాణం చూసేవారి జట్టును మొదటి రోజు నుంచే వేరుగా ఉంచండి. గల్లాపెట్టె దగ్గర మనిషి తక్కువైనప్పుడల్లా తరగతిలోని మనిషిని లాగడం మొదలైతే మీవాళ్లు భయపడుతున్నదే జరుగుతుంది.

సమాధానం: ఎర్రసిరా

పై మిత్రుడు దుకాణాన్ని ఆదాయ మార్గంగానే చూస్తున్నారని నాకు అనిపిస్తోంది. 2002లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన 826 వాలెన్సియా అనే రచనా కేంద్రం కథ దీనికి కాస్త భిన్నమైనది. వారు అద్దెకు తీసుకున్న భవనంలో నిబంధనల ప్రకారం ఏదో ఒక అమ్మకం జరగాలి కాబట్టి, ముందు భాగంలో సముద్రపు దొంగలకు కావలసిన సరుకులంటూ ఒక సరదా దుకాణం తెరిచి, వెనుక పిల్లలకు ఉచితంగా రాయడం నేర్పించారు. వెనకబడిన పిల్లల ట్యూషన్ అనే ముద్ర లేకుండా, వింత దుకాణంలోకి వెళుతున్నామన్న ఉత్సాహంతో పిల్లలు లోపలికి అడుగుపెట్టారు.

అక్కడికి తరగతి మొత్తం వచ్చినప్పుడు చేసే పని నాకు బాగా నచ్చింది. పిల్లలందరూ కలిసి కథ చెబుతూ ఉంటే ఒక వాలంటీర్ టైపు చేస్తారు, అది అందరికీ కనబడేలా తెర మీద పడుతూ ఉంటుంది, ఇంకొకరు బొమ్మలు గీస్తారు. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు ఆపేసి ముగింపును ఎవరికి వారే రాసుకోమంటారు. వెళ్లేటప్పుడు ప్రతి పిల్లవాడి చేతిలో తన ముగింపుతో కుట్టిన పుస్తకం ఉంటుంది. టైపు చేసేవారు, బొమ్మలు వేసేవారు, పుస్తకం కుట్టేవారు ఇందులో అందరూ కావాలి కనుక, పాఠం చెప్పడం రాని వాలంటీరుకు కూడా పిల్లల మధ్య పని దొరుకుతుంది. మీ దుకాణంలో ఒక అర పిల్లలు రాసిన పుస్తకాలకు కేటాయించండి. ముప్పై ఏళ్లు పిల్లల రాతలను ఎర్రసిరాతో దిద్దినదాన్ని. తన పేరు అట్ట మీద పడుతుందని తెలిసినప్పుడు పిల్ల తన వాక్యాన్ని తానే మూడుసార్లు దిద్దుకోవడం చూశాక, ఆ కలం పక్కన పెట్టాను.

సమాధానం: నిశాని

పిల్లల సంగతి అందరూ చెప్పారు గానీ, మీ దగ్గరికి వస్తున్న పెద్దవాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. చదవడం రాని మనిషికి పుస్తక దుకాణమంత భయపెట్టే చోటు మరొకటి ఉండదు. నలువైపులా వేల అట్టలు, ఒక్కదాని మీద కూడా ఏముందో తెలియదు, పైగా ఏం కావాలని ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. మా అమ్మ అటువంటి వాకిలి దాకా వచ్చి వెనుదిరగడం చూశాను. అందుకని పెద్దల తరగతికి దుకాణంలోంచి కాకుండా వేరే దారి ఉంచండి, లేదా దుకాణం మూసిన వేళల్లో పెట్టండి.

రాయడం అంటే చదవడం పూర్తిగా వచ్చాక చేసేదనుకోవడం కూడా పొరపాటే. నేర్చుకునేవారు తమ బతుకు గురించి నాలుగు మాటలు చెబితే, వాలంటీరు వాటిని ఒక్క మాటైనా మార్చకుండా వారి యాసలోనే రాసి, దాన్నే వారి వాచకంగా వాడే పద్ధతి చాలాకాలంగా ఉంది. 1963లో బ్రెజిల్‌లోని ఆంగికోస్‌లో ఆ దేశపు విద్యావేత్త పావ్లో ఫ్రెయిరీ సుమారు 300 మంది కూలీలకు 40 గంటల్లో చదువు నేర్పే ప్రయత్నం చేసినప్పుడు, వాచకంలోని మాటలను కాక వారి పనిలోని, ఇంటిలోని మాటలనే తీసుకున్నాడు. వాలంటీరుకు ఇక్కడ ఇవ్వాల్సిన శిక్షణ ఒక్కటే: చెప్పినవారి వాక్యాన్ని బాగుచేయకుండా ఉండగలగడం. చదువుకున్నవాళ్లకు అది చాలా కష్టం.

తిరిగి: అట్టపెట్టె

ముగ్గురికీ ధన్యవాదాలు. నిశాని గారూ, మా పెద్దవాళ్లలో ఇద్దరు మానేశారు. పనుల వల్లేమో అనుకున్నాము గానీ, వాళ్లు పెట్టెల మధ్య నుంచే లోపలికి రావాల్సి వస్తోందని మీ సమాధానం చదివాకనే తట్టింది. కొత్త విరాళాలు ఆపుతున్నట్టు ఈ రోజే తలుపుకు కాగితం అంటించాము. ఈ ఆదివారం పిల్లలు లేని పూట పెట్టెలు విప్పి ఏరుతాము. ముందుగా ఒక్క గోడకు సరిపడా అరలతో దుకాణాన్ని ఆరు నెలలు నడిపి చూస్తాము. గల్లాపెట్టె దగ్గర కూర్చోవడానికి తరగతులు చెప్పని నలుగురు ముందుకు వచ్చారు. ఎర్రసిరా గారూ, పుస్తకాలు కుట్టడానికి దారం మంచిదా, పిన్నులు మంచివా?