పెట్టె లేకుండా పాత గోళీ ఏ కంపెనీదో తేల్చొచ్చా?

ఒహాయో వాసి:
ఇక్కడ ఒక ఎస్టేట్ సేల్‌లో (ఇంట్లో సామానంతా అమ్మేసే అమ్మకంలో) జాడీ నిండా పాత గాజు గోళీలు కొన్నాను. అందులో ఒకటి నన్ను వారం రోజులుగా వదలట్లేదు. అర అంగుళం కంటే కాస్త పెద్దది, ముదురాకుపచ్చ గాజు, లోపల పాలలాంటి తెల్ల చార. భూతద్దం కింద తిప్పి చూస్తే ఆ చార పైన మెలితిరిగి అచ్చం 9 అంకెలా ఉంది, సరిగ్గా దాని కింది వైపు కత్తిరించినట్టు చిన్న గీత. అమ్మినాయన ఆక్రో అగేట్ అన్నాడు. నాకేమో ఎం.ఎఫ్. క్రిస్టెన్‌సెన్ అనిపిస్తోంది. రెండూ పాత అమెరికన్ గోళీల కంపెనీలే. మీరేమంటారు?

గోటీల పిచ్చి:
9 ఉందంటే క్రిస్టెన్‌సెనే బ్రో, ఇందులో డౌటేముంది! గోళీలు చేసే మెషీన్‌కి 1905లో పేటెంట్ తీసుకుంది అక్రాన్ ఊళ్ళో ఆయనే కదా. 1917లో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ పేరుతో చీటీ రాసి పెట్టెయ్.

నిదానం:
చీటీ ఇప్పుడే రాయకండి. ఆ 9 చెప్పేది చేతి సంగతి, కంపెనీ సంగతి కాదు. పనివాడు కరిగిన గాజుని ఇనప కడ్డీకి చుట్టి తీసి మెషీన్ మీదికి జారవిడిచేవాడు, కడ్డీ తిప్పడంతో పైన 9 వచ్చేది, కత్తెర పడిన చోట కింద తోక మిగిలేది. ఆ పద్ధతి క్రిస్టెన్‌సెన్ దగ్గర మొదలైన మాట నిజమే, కానీ అక్కడ పనిచేసిన హోరేస్ హిల్ ఆక్రోకి వెళ్ళాడు, ఆక్రో కూడా మొదట్లో గాజుని చేత్తోనే తీసేది. అలాంటివి తక్కువే దొరుకుతాయి, కానీ ఉన్నాయి.

ఇంకో మాట. గోళీలు అమ్మిన అసలు పెట్టె ఉంటే కంపెనీ తేలిపోతుందని అందరూ పెట్టె, పెట్టె అంటారు. ఆక్రో వాళ్ళు తొలి రోజుల్లో క్రిస్టెన్‌సెన్ గోళీలే కొని తమ పెట్టెల్లో సర్ది అమ్మారు. 1914లో వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌కి మారాకే సొంత తయారీ ఊపందుకుంది. అంటే పెట్టె మీది పేరు అమ్మినవాడిది, చేసినవాడిది కాకపోవచ్చు.

గోటీల పిచ్చి:
అన్నా, అలా అనుకుంటూ పోతే ఏ గోళీకీ పేరు పెట్టలేం. యూవీ లైట్ వేసి చూస్తే తేలిపోదా?

నిదానం:
తేలదు తమ్ముడూ. యురేనియం కలిపిన గాజు ఎవరు చేసినా ఆకుపచ్చగా వెలుగుతుంది. అది గాజులో ఏముందో చెబుతుంది, పోసింది ఎవరో చెప్పదు.

పేరు పెట్టొద్దని నేననట్లేదు. పాత అమెరికన్ గోళీలో రంగులు ఒకదాన్నొకటి కోసుకోకుండా ఈ కొస నుంచి ఆ కొస దాకా స్క్రూలా చుట్టుకుంటే ఆక్రో అని ధైర్యంగా రాస్తాను, ఎందుకంటే గాజు రోలర్ల మీద పడేలోపే తిరిగే ఏర్పాటు వాళ్ళ మెషీన్‌ది. అలాంటి ఆధారం ఉన్నప్పుడే రాయాలి. లేదంటే లట్జ్ గోళీలకి జరిగినట్టే అవుతుంది. బంగారు రజను మెరిసే ఆ గోళీలు అమెరికాలో శాండ్‌విచ్ అనే ఊరి గాజు ఫ్యాక్టరీలో పనిచేసిన నికోలస్ లట్జ్ చేశాడని ఎన్నో ఏళ్ళు నమ్మారు. తీరా చూస్తే అవి జర్మనీలో చేత్తో చేసినవి, తురింగియా ప్రాంతంలో లౌషా చుట్టుపక్కల ఊళ్ళ పని. తప్పని తెలిశాక కూడా పేరు మాత్రం పోలేదు. ఇవాళ ఎవరో తొందరపడి రాసిన చీటీనే రేపు ఇంకొకరు సాక్ష్యంగా చూపిస్తారు, నా బాధంతా అదే.

సోడా బండి:
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. జాడీలో చారల్లేని లేతాకుపచ్చ గోళీలు కూడా ఉన్నాయా? అవి ఆడుకునేవే అని అనుకోవద్దు, మన గోళీ సోడా సీసాలోలాంటివి కావచ్చు. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1870ల్లో పేటెంట్ చేసిన సీసా అది. మా వీధిలో పిల్లలు పగిలిన సీసాల్లోంచి ఏరుకుని వాటితోనే ఆడేవాళ్ళు.

ఒహాయో వాసి:
సాదావి నాలుగున్నాయండీ, అవి వేరే తీసి పెట్టాను.

9 ఉన్నదాన్ని రాత్రి మళ్ళీ దీపం కింద పెట్టి చూశాను. గోటీల పిచ్చి గారు చెప్పినట్టు క్రిస్టెన్‌సెన్‌దే అని నా మనసుకీ ఉంది, అయినా చీటీ మీద "చేత్తో తీసిన గాజు, మెషీన్‌లో గుండ్రం చేసింది, పైన 9, కింద తోక, క్రిస్టెన్‌సెన్ కావచ్చు" అని రాశాను. అమ్మినాయన చెప్పిన ఆక్రో పేరు కూడా వెనకవైపు రాసి ఉంచాను.

గోటీల పిచ్చి:
"కావచ్చు" అన్నది నాకు ఇప్పటికీ నచ్చలేదు. ఆ తోకని దగ్గరగా ఫొటో తీసి పెట్టు బ్రో, చూసి మాట్లాడుకుందాం.