సమస్య: ‘మొలక నీడలోన మోడు మురిసె’

నిర్వాహకుడు: ఆటవెలది, చివరి పాదం. ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. దత్తాంశం, అంటే పూరణ భావం అల్లుకోవాల్సిన మాట, ఇంగ్లీషు విశేషణం ‘బడ్డింగ్’. బడ్ అంటే మొగ్గ. కళలోనో వృత్తిలోనో తొలి చివురు తొడుగుతున్నవారికి ఈ మాట వాడతారు. నామవాచకానికి ముందే నిలుస్తుంది. ‘బడ్డింగ్ పొయెట్’ అంటారు గానీ, నామవాచకం తర్వాత పెట్టి ‘ఆ కవి బడ్డింగ్’ అనరు.

మొదటి పూరణ:
శిష్యుఁ డల్లినట్టి చిన్ని పద్యముఁ జూచి
కలము వదలినట్టి కవి గురుండు
తిరిగి పద్య మల్లెఁ దీరెఁ గోర్కి యనుచు
మొలక నీడలోన మోడు మురిసె

నిర్వాహకుడు: భావం చక్కగా అతికింది. ‘నట్టి’ రెండుసార్లు ఎందుకండీ? అది గణాల కోసం, అంటే ఛందస్సు లెక్క నింపడానికి, వచ్చి కూర్చున్న మాట. రెండో పాదాన్ని ‘కలము దాచుకొన్న కవి గురుండు’ అని మార్చి చూడండి.

రెండో పూరణ:
పెద్దవాడు హైడ్ను పిన్నవానిని మెచ్చె
ఆ మొజార్టు పాట కబ్బురపడి
తండ్రి యెదుటఁ బలికె దైవసాక్షిగ నాడు
మొలక నీడలోన మోడు మురిసె

నిర్వాహకుడు: ధార బాగుంది, మూడో పాదంలో తం–దై యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) కూడా చెల్లింది. చిక్కు చరిత్రతోనే. ఇద్దరూ పాశ్చాత్య సంగీత స్వరకర్తలు. తానెరిగిన స్వరకర్తల్లో మీ అబ్బాయే గొప్పవాడని హైడ్ను మొజార్టు తండ్రితో అన్నది 1785లో. అప్పటికి మొజార్టుకు 29 ఏళ్లు. వియన్నా అంతా ఎరిగిన పేరు. మొలక కాదు, ‘అప్ అండ్ కమింగ్’ (పైకొస్తున్న) దశ కూడా దాటేశాడు. ఇక హైడ్ను మోడా? ఆయన పేరుపడ్డ వాద్యబృంద రచనలు, లండన్ సింఫనీలు, ఆ తర్వాత రాసినవే కదా! చిత్రకారుడు వెరోకియో దగ్గర పని నేర్చుకుంటున్న లియొనార్డో డావిన్సీని తీసుకుంటే దత్తాంశానికి దగ్గరవుతుంది.

ఒక సభ్యురాలు: అలాగైతే గురువు మురవడు. శిష్యుడు గీసిన దేవదూతను చూసి ఆయన కుంచె పక్కన పెట్టేశాడని, చిత్రకారుల జీవితాలు రాసిన వసారి చెప్పిన కథ!

నిర్వాహకుడు: నిజమే, సమస్య అడ్డం తిరుగుతుంది.

మూడో పూరణ:
పదుల యేండ్ల నుండి ‘బడ్డింగు కవి’ నంచు
బిరుదు మోయు నొకడు పెరుగఁ డింక
తప్పుఁ జూపువేళఁ దప్పించుకొన మేలు
మొలక నీడలోన మోడు మురిసె

నిర్వాహకుడు: నా ఓటు దీనికే. మొలక నీడలో మోడు అన్న విరోధాన్ని, మొలకను మనిషిగా కాక బిరుదుగా చేసి విడగొట్టారు. ‘ప్రామిసింగ్’లో పైకొస్తాడన్న భరోసా ఉంది. ‘బడ్డింగ్’కు ఆ పూచీ తక్కువ, మొదలుపెట్టాడు, అంతే. అందుకే దాని చాటున దాక్కోవడం సులువు.

రెండో పూరణ రాసిన సభ్యుడు: ఆ ‘ఒకడు’ నేను కాదు కదా?

మూడో పూరణ రాసిన సభ్యుడు: మీ యతులు తప్పవు. మీరు కాదు.