త్రీ బిల్‌బోర్డ్స్ క్లైమాక్స్ నాకొక్కడికే అర్థం కాలేదా? చూసినవాళ్ళు కాస్త చెప్పండి

2017లో వచ్చిన త్రీ బిల్‌బోర్డ్స్ అవుట్‌సైడ్ ఎబింగ్, మిస్సోరి నిన్న రాత్రే చూశా, అప్పట్నుంచి బుర్రలో తిరుగుతూనే ఉంది (చూడనివాళ్ళు ఇక్కడే ఆగండి, కథంతా చెప్పేస్తున్నా). కూతుర్ని చంపినోడు దొరకలేదని మిల్డ్రెడ్ ఊరి బయట మూడు హోర్డింగులు అద్దెకి తీసుకుని పోలీస్ చీఫ్‌ని నిలదీస్తుంది కదా, అక్కడిదాకా ఓకే. కానీ కారు ఇవ్వనని గొడవపడి కూతురితో ఆఖరిసారి అన్న మాట ఉంది చూడండి, అది విన్నాక ఆవిడ కోపం నిజంగా చీఫ్ మీదా, తన మీదేనా అని డౌటొచ్చింది. మీకేమనిపించింది?

ఇంకోటి, ఆ చీఫ్ కింద పనిచేసే పోలీసు డిక్సన్. హోర్డింగులు అద్దెకిచ్చిన కుర్రాణ్ణి కిటికీలోంచి కిందకి విసిరేసినోడు, ఒళ్ళంతా కాలి హాస్పిటల్లో అదే కుర్రాడున్న రూమ్‌లో పడతాడు, వాడేమో ఆరెంజ్ జ్యూస్ పోసి స్ట్రా ఇటు తిప్పి పెడతాడు, నవ్వుతూనే ఏడ్చేశానండి. డిక్సన్‌గా చేసిన శామ్ రాక్‌వెల్‌కి ఆస్కార్ ఇచ్చారంటే ఊరికే ఇవ్వలేదు. కానీ అంత చేసినోణ్ణి మనం క్షమించేయాలనా డైరెక్టర్ ఉద్దేశం? మా ఆవిడైతే అస్సలు ఒప్పుకోవట్లేదు.

చివర్లో డిక్సన్ హంతకుడని అనుమానించినోడి డీఎన్ఏ మ్యాచ్ కాలేదని తెలిసి కూడా మిల్డ్రెడ్, డిక్సన్ ఇద్దరూ తుపాకీ పెట్టుకుని వాడుండే ఐడహో బయల్దేరతారు, వాణ్ణి చంపాలో వద్దో దార్లో చూద్దాంలే అనుకుంటూ. చంపుతారంటారా? నాకైతే సగం దార్లో వెనక్కి తిరుగుతారనే అనిపించింది. అలాగే ఇలా బాధలోనూ నవ్వించే సినిమాలు, తెలుగువైనా సరే, తెలిస్తే పేర్లు చెప్పండి ప్లీజ్.