అన్నం మానేస్తే తగ్గాను, తినగానే మళ్లీ పెరిగాను. ఎక్కడ తప్పు?

హన్మకొండ ఉద్యోగిని (ప్రశ్న, డిసెంబర్ చివరి వారం)

అందరికీ నమస్తే. నాకు 39 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 78 కిలోలు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. షుగర్ లేదు, థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. పోయినేడు దసరా తర్వాత రెండు పూటలా అన్నం బంద్ చేసి చపాతీలు తిన్నాను. పొద్దున వేడినీళ్లలో తేనె, నిమ్మరసం. రెండు నెలల్లో ఐదు కిలోలు తగ్గాయి. సంక్రాంతికి అమ్మగారింటికి పోయి సకినాల డబ్బా ముందర కూర్చున్నా, అంతే! ఉగాది కల్లా ఐదుకు ఏడు తిరిగొచ్చాయి.

మే నెలలో తమ్ముడి పెళ్లి ఉంది, పది కిలోలు తగ్గాలి. నలుగురికీ ఒకటే వంట, నాకంటూ వేరే వండుకునే ఓపిక లేదు. జిమ్‌కు పోవాలంటే సిగ్గు. థైరాయిడ్ ఉన్నోళ్లు అసలు తగ్గరని మా ఆఫీసులో అంటున్నారు. నిజమేనా?

కరీంనగర్ చెల్లె

రాత్రి ఏడు దాటాక ఏం తినకు అక్కా. నేను అట్లే తగ్గాను.

కాజీపేట అన్న

ఆరింటికి ఆఫీసు వదిలితే ఇల్లు చేరి, వండి, ఏడులోపు తినేదెట్లా చెల్లే! ఎనిమిదిన్నరకు తిన్నా ఏం కాదు. ఎంత తింటున్నామన్నదే లెక్క.

మేడమ్, నాకు 51. 94 కిలోల నుంచి 82కి వచ్చాను, 14 నెలలు పట్టింది. ముందుగా ఒక మాట: మీ తప్పు అన్నం తినడంలో లేదు. వంద గ్రాముల బియ్యంలో, వంద గ్రాముల గోధుమపిండిలో క్యాలరీలు దాదాపు సమానం, సుమారు 350. నూనె రాసి కాల్చిన చపాతీలు మూడు తింటే రెండు కప్పుల అన్నానికి సరిపోతుంది. అప్పుడు మీరు తగ్గింది మొత్తం మీద తక్కువ తిన్నందుకు. ఆగలేకపోయింది ఇష్టమైన తిండి పూర్తిగా మానేసినందుకు. నేనూ రెండుసార్లు అట్లే బోర్లా పడ్డాను.

మా ఇంట్లో అసలు దొంగ నూనె. నమ్మకపోతే ఈ పని చేయండి. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి ప్యాకెట్ కత్తిరించిన ప్రతిసారీ దాని మీద పెన్నుతో తేదీ రాయండి. ఖాళీ ప్యాకెట్లను పారేయకుండా ఒక మేకుకు గుచ్చండి. నెలాఖరున లెక్కపెడితే మాకు ఐదున్నర తేలాయి. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి 27 గ్రాముల నూనె అని ఉంది. అంటే నెలకు 810 గ్రాములు. లీటరు ప్యాకెట్ తూకం 910 గ్రాములు. నలుగురికి మూడున్నర ప్యాకెట్లు చాలు, మేము వాడుతున్నది ఐదున్నర. ఆ తేడా ఒక్కొక్కరికి రోజుకు 130 క్యాలరీల పైమాటే. నూనె వేసి కాల్చిన చపాతీ ఒకటి అనుకోండి, తిన్నట్టు కూడా తెలియదు. మా ఆవిడ మొదట కోపం చేసింది ("నా వంటకే వంక పెడుతున్నావా?"), తర్వాత తనే ప్యాకెట్ వంచడం మానేసి పోపుకు చెంచాతో కొలుస్తోంది. ఆనిగపుకాయ కూరకు రెండు చెంచాలు చాలని మాకు అప్పటిదాకా తెలియదు.

ఇక కంచం. వేరే వంట అక్కర్లేదు, వడ్డించుకునే వరుస మార్చండి. ముందు కూర, సగం కంచం నిండేలా. పక్కన గట్టి పప్పు. ఆఖరున మిగిలిన జాగాలో అన్నం. మనం చేసేది ఉల్టా: అన్నం గుట్ట పోసి, మీద గుంట చేసి పప్పుచారు పోస్తాం. పప్పుచారులో పప్పు ఎంతుంటుందో మీకూ తెలుసు! గంగవాయిలి కూర పప్పు, తోటకూర, గుడ్డు, పెరుగు, వారంలో ఒకట్రెండు సార్లు మీల్ మేకర్ కూర, ఇవి ఉంటే గంటకే ఆకలి కాదు. సాయంత్రం ఆఫీసులో మిర్చి బజ్జీలు తెప్పిస్తారు కదా, ఆ టైముకు ఇంటి నుంచి బొబ్బర్ల గుడాలో శనగ గుడాలో డబ్బాలో పెట్టుకుపోండి. నేను బజ్జీ మానలేదు, శనివారానికి ఒకటి అని పెట్టుకున్నాను.

చాయ్ సంగతి మీరు రాయలేదు. రోజుకు నాలుగు చాయ్‌లు, ఒక్కోదానికి రెండు చెంచాలంటే నెలకు కిలో చక్కెర. మీ వేడినీళ్లలో తేనె కూడా చక్కెర కిందికే వస్తుంది, దానికి కొవ్వు కరగదు.

ఒక స్టాఫ్ నర్సు

థైరాయిడ్ ఉంటే తగ్గరన్నది తప్పు. మాత్రతో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే అంకె) నార్మల్‌గా ఉంటే మిగతా అందరిలాగే తగ్గుతారు. మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట ఆగి చాయ్ తాగండి. క్యాల్షియం, ఐరన్ మాత్రలుంటే వాటికి నాలుగు గంటల ఎడం ఉండాలి. చాలా మంది అన్నీ ఒకేసారి మింగి, డోసు చాలట్లేదని వస్తారు.

పది కిలోలు పట్టుకుని కూర్చోకండి. వారానికి అర కిలో తగ్గినా మంచి వేగమే. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే చాలు, బీపీకి, షుగర్‌కు లాభం కనిపిస్తుంది. మీకది నాలుగు నుంచి ఎనిమిది కిలోలు. టేపుతో నడుం కూడా కొలవండి. మన దేశపు ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి, మగవాళ్లకు 90.

మంచిర్యాల నుంచి

మా అమ్మకు షుగర్. ఇన్సులిన్ తీసుకుంటుంది. ఆమెకూ అన్నం తగ్గించవచ్చా?

ఒక స్టాఫ్ నర్సు

డాక్టర్‌ను అడగకుండా తగ్గించకండి. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డోసు అట్లే ఉంచి తిండి కోస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. డోసు సర్దించాకే మొదలుపెట్టాలి.

అడ్మిన్

నెలకు పది కిలోలు గ్యారంటీ అంటూ పౌడర్ అమ్ముకునే కామెంట్ తీసేశాను. మళ్లీ పెడితే మనిషినే తీసేస్తాను.

రిటైర్డ్ పీఈటీ

అమ్మా, జిమ్ అవసరం లేదు. వారానికి 150 నిమిషాల నడక, రెండు రోజులు కండకు పని. నడుస్తుంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ వేగం. భద్రకాళి చెరువు కట్ట, వడ్డేపల్లి చెరువు కట్ట, యూనివర్సిటీ రోడ్లు, మీకు ఏది దగ్గరైతే అది. పొద్దున కుదరకపోతే రాత్రి తిన్నాక గల్లీలోనే పదిహేను నిమిషాలు. ఏప్రిల్ నుంచి మాత్రం మన ఎండలకు పొద్దున ఆరున్నరలోపే ముగించాలి.

కండకు పని అంటే: చేతుల్లేని కుర్చీ గోడకు ఆనించి పెట్టి, చేతులు కట్టుకుని, కూర్చుని లేవడం. పదిసార్లు, మూడు విడతలు. లేచేటప్పుడు ఊపుతో లేవకండి. కూర్చునేటప్పుడు ధబేల్‌మని పడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి, పని అక్కడే ఉంది. తర్వాత గోడకు చేతులానించి దండీలు. తిండి తగ్గించి ఇది చేయకపోతే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. మోకాలు నొప్పి ఉంటే కుర్చీ మీద దిండు వేసుకుని ఎత్తు పెంచండి.

హన్మకొండ ఉద్యోగిని (ఫిబ్రవరి)

ఏడు వారాలైంది, చెప్పిపోదామని వచ్చాను. 78 నుంచి 75.4. నూనె ప్యాకెట్లు జనవరిలో నాలుగున్నర, మేకు మీదే ఉన్నాయి. మా అత్తమ్మ వాటిని చూసి వచ్చినోళ్లందరికీ ఈ కథ చెబుతోంది. సంక్రాంతికి సకినాలు తిన్నాను, కానీ డబ్బా ముందు కూర్చోలేదు. చాయ్‌తో మూడే సకినాలు ప్లేట్లో పెట్టుకుని, డబ్బా మూతపెట్టి తిన్నాను. నడక వారానికి నాలుగు రోజులే కుదురుతోంది. కుర్చీ పని మొదటి వారం తొడలు పట్టేసి మెట్లు దిగలేకపోయాను.

ఒకటే టెన్షన్. రెండు వారాలుగా ముల్లు కదలట్లేదు. పోయిన ఆదివారం ఒక ఫంక్షన్‌లో తిని వస్తే తెల్లారి కిలో పెరిగింది!

కాజీపేట అన్న

ఒక్క పూట విందుకు కిలో కొవ్వు పెరగదు మేడమ్. కిలో కొవ్వంటే 7700 క్యాలరీలు, అంత తినాలంటే ఫంక్షన్ వాళ్లు గేటు వేసుకోవాలి. అది ఉప్పుకు పట్టిన నీళ్లు, మూడు రోజుల్లో పోతుంది. రోజూ పొద్దున బాత్రూంకు పోయివచ్చాక చూసుకుని రాసిపెట్టండి. ఏ రోజు అంకెనూ పట్టించుకోవద్దు, వారం సగటుతో వారం సగటును పోల్చండి. నాకు ఒకసారి ఐదు వారాలు ఆగింది. చూస్తే చాయ్‌తో బిస్కెట్లు మెల్లగా మళ్లీ చేరాయి. నడుం కొలిచారా?

హన్మకొండ ఉద్యోగిని

కొలిచాను అన్నా, నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. బిస్కెట్ల సంగతి అడగొద్దు, దొరికిపోయాను. పెళ్లి బ్లౌజుల కొలతలు ఇప్పుడే ఇవ్వమని టైలర్ రోజూ ఫోన్ చేస్తోంది, ఏప్రిల్ ఆఖరున ఇస్తానని చెప్పాను.