'ఇక్కడ' అంటే ఎవరి ఇక్కడ?

శతకాల సంకలనాన్ని టెక్ అనే అచ్చుకూర్పు ప్రోగ్రామ్‌తో పుస్తకంగా కూర్చే సూచనల్లో "స్క్రిప్టును ఇక్కడ లేని ఫైళ్ల మీద కూడా నడపవచ్చు" అనే వాక్యం గురించి అడిగారు. ఇక్కడ అంటే స్క్రిప్టు (ఆదేశాల ఫైలు) ఉన్న ఫోల్డరా, పద్యాలున్న ఫోల్డరా, మనం ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరుచుకున్న ఫోల్డరా? చాలా న్యాయమైన సందేహం అండీ. ఆ వాక్యాన్ని నమ్ముకుని నడిపినవాళ్లు తప్పకుండా చిక్కుల్లో పడతారు.

అక్కడ, ఇక్కడ, ఎక్కడ: మూడూ త్రికం (ఆ, ఈ, ఏ) మీద కట్టిన మాటలే. (తెలంగాణలో ఆడ, ఈడ, ఏడ అన్నా లెక్క అదే.) పలికేవాళ్లు నిలబడ్డ చోటు తెలిస్తేనే వీటికి అర్థం. వెనకటి ఉత్తరాల్లో "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాము" అని రాసేవారు కదా. మస్కట్ నుంచి వచ్చిన ఉత్తరాన్ని కడపలో చదివినా అందులోని ఇక్కడ మస్కటే.

టెక్ అలా చదవదు. ప్రధాన ఫైలులో ఇన్‌పుట్ (వేరే ఫైలును చదివి చేర్చే మాట) అని రాసి 'సుమతి' ఫోల్డర్లోని భాగాన్ని పిలిస్తే, ఆ దారిని ఫైలు ఉన్న చోటి నుంచి కాక, టెర్మినల్లో మనం ఆదేశం ఇచ్చిన ఫోల్డర్ నుంచి లెక్కపెడుతుంది. మనం 'పనిముట్లు' ఫోల్డర్లో ఉండి, రెండు చుక్కలతో ఒక మెట్టు పైకెక్కి, 'శతకాలు' ఫోల్డర్లోని పుస్తకాన్ని జీలేటెక్‌కు (తెలుగు ఫాంట్లతో పనిచేసే టెక్ రూపం) ఇచ్చామనుకోండి. పుస్తకం ఫైలు చక్కగా తెరుచుకుంటుంది. మొదటి భాగాన్ని పిలవగానే ఫైలు దొరకలేదంటుంది, ఎందుకంటే అది 'సుమతి' కోసం 'పనిముట్లు'లో వెతుకుతోంది. ఫాంట్లు ఎంచుకునే ఫాంట్‌స్పెక్ ప్యాకేజీలో ఒంటి చుక్క పెట్టి 'ఫాంట్లు' అని దారి రాసినా ఇదే తంతు. తయారైన పీడీఎఫ్, టెక్ తన పని కోసం రాసుకునే లాగ్, ఆక్స్ ఫైళ్లు కూడా 'పనిముట్లు'లోనే పడతాయి.

ఇందులో నన్ను బాగా ఆలోచింపజేసింది ఇన్‌పుట్‌కూ, భాగాలను చేర్చే మరో మాట ఇన్‌క్లూడ్‌కూ ఉన్న తేడా. రెండు చుక్కలతో పైకెళ్లే ఒకే దారిని ఇన్‌పుట్‌కు ఇస్తే పని జరుగుతుంది, ఇన్‌క్లూడ్‌కు ఇస్తే ఆగిపోతుంది. ఇన్‌పుట్ ఊరికే చదువుతుంది. ఇన్‌క్లూడ్ మాత్రం ఆ భాగం పక్కనే ఒక ఆక్స్ ఫైలు రాయబోతుంది. టెక్ లైవ్ అనే టెక్ పంపిణీలో 'ఓపెన్‌అవుట్ ఎనీ' అనే అమరిక మామూలుగా 'పారనాయిడ్' మీద ఉంటుంది కాబట్టి, పై ఫోల్డర్లలోంచి చదవడాన్ని ఆపదు, వాటిలో రాయనివ్వదు. మనకు తెలియని చోటి నుంచి తెచ్చుకున్న ఫైలు మన కంప్యూటర్లో ఇష్టమొచ్చిన చోట రాయకుండా పెట్టిన కాపలా అది. దాన్ని తీసేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు, దయచేసి తీయకండి.

ఈ ఫోల్డర్ చిక్కు తీరాలంటే, టెక్‌ను కావలసినన్నిసార్లు నడిపే లేటెక్‌ఎంకేకు సీడీ (ఫోల్డర్ మార్చు) అనే ఐచ్ఛికం ఇస్తే, అది ముందు ఫైలున్న ఫోల్డర్‌లోకి వెళ్లి ఆ తర్వాతే పని మొదలుపెడుతుంది. సొంత షెల్ స్క్రిప్టయితే డర్‌నేమ్ అనే ఆదేశంతో ఫైలున్న ఫోల్డర్ పేరు తీసి అందులోకి సీడీ చేయడమే. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. టెక్ఇన్‌పుట్స్ అనే అమరికలో టెక్ వెతకవలసిన చోట్లన్నీ రాసిపెట్టడం కూడా ఉంది గానీ, మన సంకలనంలో ప్రతి శతకానికీ 'పీఠిక' అనే ఫైలుంది. టెక్ ముందు కనబడిన పీఠికనే తీసుకుంటుంది, దోషం చూపించదు, వేమన ముందు సుమతి పీఠిక అచ్చవుతుంది.

ఇక వాక్యం సంగతి. 'ప్రస్తుత డైరెక్టరీ' అని మార్చమన్నారు ఒకరు. ప్రస్తుతం అనేది కాలం చెప్పే మాట, ఎవరి ప్రస్తుతమో తేలదు. మనకు 'తాను' ఉంది. "రవి వాసును తన ఇంటికి రమ్మన్నాడు" అంటే అది రవి ఇల్లని ఎవరికైనా తెలుస్తుంది. ఫైలుకూ అదే వాడదాం:

"స్క్రిప్టును ఏ ఫోల్డర్ నుంచి నడిపినా, పుస్తకం ఫైలు తన ఫోల్డర్లోని భాగాలనే తీసుకుంటుంది; పీడీఎఫ్ కూడా తన పక్కనే తయారవుతుంది."

స్క్రిప్టులో సీడీ వరుస చేర్చాకే ఈ వాక్యం నిజమవుతుంది కాబట్టి, రెండూ ఒకేసారి మార్చాలి. సీడీ లేకుండా నేరుగా జీలేటెక్ నడిపేవారి కోసం "ఆదేశం ఇచ్చిన ఫోల్డర్" అనే మాట వాడి, విడిగా ఇంకో వాక్యం రాద్దాం.