వాట్స్ టవర్లు కట్టిన సైమన్ రోడియా: బొగ్గు గని కూలీ, తాపీ మేస్త్రీ (చర్చ)

పడమటి_గాలి:
లాస్ ఏంజెలెస్‌కు చుట్టాలు వస్తే మనవాళ్లు హాలీవుడ్, డిస్నీలాండ్ చూపించి పంపేస్తారు. నగరానికి దక్షిణాన వాట్స్ అనే పేట ఉంది. అక్కడ ఇటలీ నుంచి వలస వచ్చిన ఒక కూలీ, ఒక్కడే, 33 ఏళ్లు కష్టపడి కట్టిన టవర్లున్నాయి. ఈ వేసవిలో అమ్మానాన్నలను తీసుకెళ్లాను. నాకు తెలిసినది రాస్తాను, మిగతాది మీరు కలపండి.

అసలు పేరు సబాటో రోడియా. 1879లో నేపుల్స్‌కు తూర్పున సెరీనో దగ్గర రిబోత్తోలి అనే పల్లెలో పుట్టాడు. మీసాలు సరిగా రాని వయసులో అన్న ఉన్న పెన్సిల్వేనియా బొగ్గు గనులకు చేరాడు. అన్న గని ప్రమాదంలో పోయాడు. తమ్ముడు పడమటి రాష్ట్రాలకు వెళ్లిపోయి సిమెంటు పని, టైల్స్ పని చేసుకుంటూ బతికాడు. 1921లో, నలభై దాటాక, వాట్స్‌లో రైలు పట్టాల పక్కన ముక్కోణపు స్థలం కొని పని మొదలుపెట్టాడు. 1954 దాకా ఆపలేదు. అన్నిటికన్నా ఎత్తైన టవరు సుమారు 30 మీటర్లు.

ఇల్లందు_మనవడు:
మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన అన్న చావు దగ్గరే నా మనసు ఆగిపోయింది. మా తాతగారు సింగరేణిలో బాయి (బొగ్గు గని) దిగేవారు. షిఫ్టు ముగిసే వేళకు ఇంటికి చేరకపోతే మా నానమ్మ పొయ్యి మీద ఎసరు దించి వాకిట్లో నిలబడేదట. అమెరికా గనుల్లో ఆ రోజుల పరిస్థితి ఇంకా ఘోరం. 1907 డిసెంబర్ 6న పశ్చిమ వర్జీనియాలోని మొనోంగాలో గని పేలి, అధికారిక లెక్క ప్రకారమే 362 మంది చనిపోయారు. అందులో దాదాపు సగం మంది ఇటలీ నుంచి వచ్చినవాళ్లే. రోడియా 86 ఏళ్లు బతికాడంటే, ఆ తరం గని కార్మికుల్లో అది చిన్న సంగతి కాదు.

తాపీ_వారసుడు:
మాది మూడు తరాల తాపీ పని. పోయినేడు మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ గోడల ముందు చాలాసేపు నిలబడ్డాను. పరంజా లేదు, వెల్డింగు లేదు, బోల్టులు లేవు. ఉక్కు చువ్వలను పక్కనున్న రైలు పట్టాల సందులో ఇరికించి వంచేవాడట. అతుకు దగ్గర తీగతో బిగించి, పైన జాలీ చుట్టి, చేత్తో సిమెంటు మాలు పట్టించాడు. అది పచ్చిగా ఉండగానే పగిలిన టైల్స్, పింగాణీ ముక్కలు, గవ్వలు, ఆకుపచ్చ సీసా ముక్కలు అద్దాడు. కిటికీలు తుడిచేవాళ్లు కట్టుకునే నడుం పట్టీ కట్టుకుని, మాలు బకెట్టుతో పైకి ఎక్కేవాడు. టవరు చుట్టూ కట్టిన కింది వృత్తమే పై వృత్తానికి నిచ్చెన.

గోడ మీద ఒకచోట సుత్తి, ఇతర పనిముట్ల అచ్చులు కనిపిస్తాయి. పచ్చి సిమెంటులో తన సామాను ఒత్తి తీశాడు. పక్కనే ఎస్, ఆర్ అనే అక్షరాలు. మేము కట్టిన ఏ ఇంటి మీదా మా పేరుండదు. అందుకే ఆ అచ్చుల దగ్గర నాకు కళ్లు చెమర్చాయి.

చువ్వ_లెక్క:
నిర్మాణ ఇంజనీరుగా నేను 1959 పరీక్ష గురించి చెప్పాలి. ఇవి ప్రమాదకరమని నగర అధికారులు కూల్చివేతకు ఉత్తర్వు ఇచ్చారు. కార్ట్‌రైట్, కింగ్ అనే ఇద్దరు యువకులు ఆ స్థలాన్ని కొన్నారు. బడ్ గోల్డ్‌స్టోన్ అనే ఇంజనీరు, లాగి చూద్దామని సవాలు చేశాడు. అక్టోబర్ 10న 10,000 పౌండ్ల బలంతో పక్కకు లాగారు. లాగే యంత్రమే మొరాయించింది, టవరు నిలబడింది. ఇప్పుడు అసలు బాధ ఎండతో. ఉక్కు వేడికి సాగి, చల్లబడి ముడుచుకుంటుంటే పై సిమెంటు పగుళ్లిస్తుంది. వాటిని పూడ్చడం తెగని పని.

కోనసీమ_కబురు:
సెరీనోకు కొద్ది దూరంలోని నోలా పట్టణంలో ఏటా జూన్‌లో ఒక ఉత్సవం జరుగుతుంది. 25 మీటర్ల ఎత్తు చెక్క గోపురాలను భుజాల మీద మోస్తూ వీధుల్లో తిప్పుతారు. మా జగ్గన్నతోటలో ప్రభలను ఎత్తుకున్నట్టే. వాటితో పాటు ఒక ఓడ కూడా ఉంటుంది. రోడియా ఆవరణలోనూ ఓడ ఉంది! చిన్నప్పుడు చూసినదే చేతుల్లోకి వచ్చిందని చాలామంది అంటారు, నాకూ అలాగే అనిపిస్తుంది.

పడమటి_గాలి:
ఓడ నేనూ చూశాను, ఉత్సవం సంగతి ఇప్పుడే తెలిసింది. అయితే ఇంత చేసిన మనిషి చివరికి అంతా పొరుగువాడికి రాసిచ్చి ఎందుకు వెళ్లిపోయాడు? మా నాన్న దారంతా అదే అడిగారు.

ఇల్లందు_మనవడు:
75 ఏళ్ల ఒంటరి మనిషి. అల్లరి పిల్లలు రాళ్లు రువ్వి టైల్స్ పగలగొట్టేవాళ్లు. నగర అనుమతుల తలనొప్పి సరేసరి. ఉత్తరాన మార్టినెజ్‌లో ఉన్న అయినవాళ్ల దగ్గరికి చేరాడు, మళ్లీ టవర్ల ముఖం చూడలేదు. 1961లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జరిగిన సభకు పిలిస్తే వెళ్లాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. పెద్ద పని ఏదో చేయాలనుకున్నాను, చేశాను అనేవాడు, అంతకు మించి వివరణ ఇవ్వలేదు. 1965 జూలైలో కన్నుమూశాడు. మరుసటి నెలలోనే వాట్స్ అల్లర్లతో అట్టుడికింది, టవర్లను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మొదట్లో పగిలిన పింగాణీ తెచ్చిచ్చి చిల్లర పుచ్చుకున్నది ఆ పేట పిల్లలే కదా.

తాపీ_వారసుడు:
వెళ్లేవాళ్లకు ఒక మాట. మెట్రో రైలు 'A' లైనులో 103వ వీధి స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లవచ్చు. మరమ్మతులున్నప్పుడు లోపలికి పంపరు, ముందే పక్కనున్న ఆర్ట్స్ సెంటరుకు ఫోను చేసి కనుక్కోండి. పనిముట్ల అచ్చులు మాత్రం తప్పక వెతికి చూడండి.